రెండో ప్రతి

మా ఇంట్లో టీవీ కింద అరలో చెప్పుల డబ్బా అంత నల్ల పెట్టె ఒకటుంది. ముందువైపు రెండు చిన్న ఆకుపచ్చ లైట్లు. లోపల రెండు హార్డ్ డిస్కులు. ఒకదాని మీద ఏది రాసినా రెండోదాని మీదా అదే పడుతుంది. ఒకటి చచ్చిపోతే ఇంకోటి దాని పని చూసుకుంటుంది. ఇంట్లో ఉన్న ఫోన్లు, లాప్‌టాప్‌లు రాత్రిపూట వైఫై మీద తమ సరుకంతా దాన్లోకి దింపుతాయి. 2018లో నేనే కూర్చుని దాన్ని పెట్టాను. 2021లో ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు లైట్లూ పచ్చగా వెలుగుతుండగానే, మా అమ్మమ్మ పాటలు దాన్లోంచి పోయాయి.

డిస్కుల తప్పేం లేదు. అవి రెండూ ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. ఏం జరిగిందో తర్వాత చెప్తాను. ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పెట్టెలో పనిచేసే పద్ధతిని రెయిడ్ అంటారు. ఇంజినీరింగ్ మూడో ఏట దాని లెవెల్స్ అన్నీ వరుసగా బట్టీ కొట్టి, ఎనిమిది మార్కుల ప్రశ్నకి బొమ్మలు కూడా వేసినవాణ్ణే. అది ఎందుకు పుట్టిందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. అమ్మమ్మ పాటలు పోయాకే ఆ పాత పేపర్ మొదటిసారి మొదట్నుంచి చివరిదాకా చదివాను. పదేళ్ల ముందే చదివుంటే బాగుండేది.

*

కథ 1956లో మొదలుపెట్టొచ్చు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఐబీఎమ్ వాళ్లు రామాక్ అనే యంత్రాన్ని బయటపెట్టారు. ప్రపంచంలో అమ్మకానికొచ్చిన మొదటి హార్డ్ డిస్క్ దాన్లోదే. రెండడుగుల వ్యాసం ఉన్న పళ్లేలు యాభై, ఒకదాని మీద ఒకటి. బరువు టన్నుకి పైనే. అంతా కలిపి పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో ఆ టన్ను ఇనుములో పట్టకపోవచ్చు.

అక్కణ్ణించి ముప్ఫై ఏళ్లపాటు పెద్ద కంపెనీల ఆలోచన ఒకటే దారిలో నడిచింది. డిస్క్ అనేది ఖరీదైన వస్తువు. కాబట్టి దాన్ని పెద్దగా, గట్టిగా, చెడిపోకుండా తయారుచెయ్యాలి. ఏసీ గదిలో పెట్టాలి. దాన్ని చూసుకోడానికి మనుషుల్ని పెట్టాలి. గుడిలో మూలవిరాట్టు లాగా అన్నమాట.

ఇంకో దారి కూడా ఉందని అప్పటికే కొందరికి తెలుసు. 1947 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ అనే గణిత శాస్త్రవేత్త ఉండేవాడు. రిలేలతో పనిచేసే కంప్యూటర్ అక్కడొకటి ఉండేది. వారాంతాల్లో ఆయన లెక్కల్ని దానికి అప్పజెప్పి ఇంటికెళ్లేవాడు. అది ఎక్కడైనా తప్పు దొర్లితే కనిపెట్టగలదు. పక్కన మనిషి ఉంటే సరిచేస్తాడు. ఎవరూ లేకపోతే ఆ లెక్క వదిలేసి తర్వాతి పనికి వెళ్లిపోతుంది. వరసగా రెండు సోమవారాలు ఆయన ఆఫీసుకొచ్చి చూస్తే లెక్క జరగలేదు. ఒళ్లు మండింది. తప్పు ఉందని తెలుసుకోగలిగిన యంత్రం, అది ఎక్కడుందో కూడా తెలుసుకుని తనే ఎందుకు దిద్దుకోకూడదు అనుకున్నాడు. ఆ చిరాకులోంచి వచ్చిందే 1950లో అచ్చయిన హామింగ్ కోడ్. అసలు సమాచారానికి మరికొన్ని బిట్లు కలిపి పంపిస్తే, దారిలో ఒక బిట్ పాడైనా అది ఏదో చెప్పేసి దిద్దుకోవచ్చు.

దాని వెనకున్న ఆలోచన పెద్దది. ప్రతి భాగమూ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుందని ముందే ఒప్పుకో, అది పాడయినా మొత్తం నిలబడేట్టు కట్టు. 1978లో ఐబీఎమ్‌లోనే పనిచేసే నార్మన్ కెన్ ఔచి అనే ఇంజినీర్ దీన్ని డిస్కులకి వర్తింపజేసి పేటెంట్ కూడా తీసుకున్నాడు. ఒక స్టోరేజ్ యూనిట్ పోతే మిగిలిన యూనిట్ల నుంచి దాని సమాచారాన్ని తిరిగి రాబట్టే పద్ధతి అది. టాండెమ్ లాంటి కంపెనీలు బ్యాంకుల కోసం ప్రతి డిస్కుకీ జంట డిస్కు పెట్టి అమ్ముతూనే ఉన్నాయి. కానీ ఇవన్నీ అక్కడక్కడా చేసుకుంటున్న ఏర్పాట్లే. దీనికో పేరు, ఓ వర్గీకరణ, ఓ వాదం లేవు.

*

అవి బర్క్‌లీ నుంచి వచ్చాయి. 1987 చివర్లో రిపోర్టుగా, 1988 జూన్‌లో షికాగోలో జరిగిన సిగ్‌మోడ్ సదస్సులో పేపర్‌గా. రాసినవాళ్లు ముగ్గురు: డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్. గిబ్సన్ అప్పటికింకా పీహెచ్‌డీ విద్యార్థి. పేపర్ పేరులోనే రెయిడ్ ఉంది. చవకైన డిస్కుల్ని, అవసరానికి మించి ఒకటో రెండో ఎక్కువ కలిపి, వరసగా పేర్చడం అని దాని అర్థం.

ఆ పేపర్ చదువుతుంటే నాకు మొదట తగిలిన ఆశ్చర్యం, అది భద్రత గురించి మొదలవదు. వేగం గురించి మొదలవుతుంది. ప్రాసెసర్లు ఏటేటా వేగం పుంజుకుంటున్నాయి. డిస్క్ మాత్రం తిరిగే పళ్లెం, కదిలే ముల్లు ఉన్న యంత్రం. అది ఆ పరుగు అందుకోలేదు. మరి ఏం చెయ్యాలి? అప్పుడే పర్సనల్ కంప్యూటర్ల కోసం చిన్న డిస్కులు వస్తున్నాయి. వాళ్లు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఐబీఎమ్ 3380 డిస్క్: పద్నాలుగంగుళాల పళ్లేలు, 7,500 మెగాబైట్లు, 6,600 వాట్ల కరెంటు. కానర్ కంపెనీ సీపీ 3100: మూడున్నర అంగుళాలు, 100 మెగాబైట్లు, 10 వాట్లు. డెబ్బై అయిదు చిన్నవి కలిపితే ఒక పెద్దది. పైగా డెబ్బై అయిదు ముళ్లూ ఒకేసారి పనిచేస్తాయి.

ఇక్కడే చిక్కు. అంచనా ప్రకారం పెద్ద డిస్కు, చిన్న డిస్కు రెండూ సగటున 30,000 గంటలు పనిచేస్తాయి. అంటే మూడేళ్ల పైచిలుకు. చిన్నవి వంద పెడితే, వాటిలో ఏదో ఒకటి పోవడానికి పట్టే సగటు సమయం 300 గంటలు. రెండు వారాలు కూడా లేదు. ఒక్కటి పోయినా అన్నిటి మీదా ముక్కలు ముక్కలుగా పరిచిన సమాచారం పనికిరాకుండా పోతుంది. వేగం కోసం వందమందిని పనిలో పెట్టుకుంటే, రోజూ ఎవరో ఒకరు సెలవు పెట్టినట్టు.

కాబట్టి అదనపు డిస్కులు అవసరమయ్యాయి. పది డిస్కులకి ఒక తనిఖీ డిస్కు చొప్పున కలిపి, పోయినదాన్ని ఒక గంటలో మార్చేస్తామనుకుంటే ఆ 300 గంటలు 8,20,000 గంటలవుతాయని లెక్క తేల్చారు. తొంభై ఏళ్లకి పైన. చవక సరుకుతో గట్టి ఇల్లు. 1988లో ఇది పెద్ద సాహసమైన మాటే.

ఆ లెక్కలో దాక్కున్న రెండు షరతులు చూడండి. ఒకటి, పోయిన డిస్కుని గంటలో మార్చాలి. కంప్యూటర్ సెంటర్లో స్పేర్ డిస్కు చేతికందే దూరంలో ఉంటుంది. మన ఇంట్లో? డిస్కు పోయిందని ఈమెయిల్ వస్తుంది, చూసేసరికి రెండ్రోజులు, వారంటీకి పంపితే ఇంకో రెండు వారాలు. రెండు, ఒక డిస్కు చావుకీ ఇంకో డిస్కు చావుకీ సంబంధం ఉండకూడదు. నేను నా రెండు డిస్కుల్నీ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే అట్టపెట్టెలోంచి కొన్నాను. ఒకే అరలో ఒకే వేడికి ఉడుకుతున్నాయి. ఒకే ప్లగ్గులోంచి కరెంటు తాగుతున్నాయి. తర్వాతి రోజుల్లో ఈ పెట్టెల్ని బాగా ఖరీదుకి అమ్మడం మొదలయ్యాక, రెయిడ్‌లో ‘చవకైన’ అన్న మాట తీసేసి ‘స్వతంత్రమైన’ అన్న మాట పెట్టుకుంది ఇండస్ట్రీ. మా ఇంటి డిస్కులు ఏ విధంగా స్వతంత్రులో నాకైతే తెలీదు.

*

పోయిన డిస్కులో ఏముందో మిగతావి ఎలా చెప్తాయి? మొదటి పద్ధతి అద్దం. రెయిడ్ ఒకటి. ప్రతిదానికీ పూర్తి నకలు. తేలిక, కానీ సగం డబ్బు నకలుకే పోతుంది. రెండోదాంట్లో హామింగ్ కోడ్ వాడారు, అది ఎక్కువకాలం నిలవలేదు. మూడు, నాలుగు, అయిదు లెవెల్స్‌లో వాడింది పారిటీ. మూడు డిస్కుల మీద ఒకే స్థానంలో 1, 0, 1 ఉన్నాయనుకోండి. నాలుగో డిస్కు మీద ఏం రాస్తామంటే, మొత్తం ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేట్టు చూసి 0 రాస్తాం. రెండో డిస్కు కాలిపోయింది. ఇప్పుడు చేతిలో ఉన్నవి 1, ఖాళీ, 1, 0. మొత్తం సరిసంఖ్య కావాలంటే ఆ ఖాళీలో 0 తప్ప ఇంకేదీ పట్టదు. అంతే. టెరాబైట్లకి టెరాబైట్లు ఈ ఒక్క లెక్కతో తిరిగొస్తాయి. అయిదో లెవెల్‌లో ఈ పారిటీని ఒకే డిస్కు మీద పెట్టకుండా అన్నిటికీ పంచారు, ప్రతి రాతకీ ఆ ఒక్కదాని మీదే భారం పడకుండా.

ఇది చదువుతుంటే నాకు ఇంటర్‌లో మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. ఉత్పలమాల చెప్తూ, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అదే ప్రాస అన్నారు. ఇదెందుకు సార్ అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. వినడానికి అందం అన్నారు. నిజమే. కానీ ఇంకో ఉపయోగం కూడా ఉంది. తాటాకు మీద మూడో పాదంలో రెండో అక్షరం దగ్గర పురుగు తిన్న రంధ్రం ఉందనుకోండి. మిగతా మూడు పాదాలూ చూస్తే అక్కడ ఏ హల్లు ఉండాలో తెలిసిపోతుంది. అచ్చు చెప్పదు, హల్లే చెప్తుంది. ఆ అక్షరం గురువా లఘువా అన్నది గణాలు చెప్తాయి. పదో అక్షరం చిరిగితే యతి సాయం చేస్తుంది, అది పాదం మొదటి అక్షరంతో మైత్రిలో ఉండాలి కాబట్టి.

మన పూర్వులకి రెయిడ్ ముందే తెలుసు అని ఇప్పుడు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యొద్దు. వాళ్లు ప్రాస పెట్టింది డేటా రికవరీ కోసం కాదు. కానీ అవసరానికి మించిన కట్టుబాటు ఒకటి పద్యంలో ఉంది కాబట్టి, ఆ మించినదే తర్వాత కాలంలో చిరుగుల్ని పూడ్చింది. వేదం నోటితో నిలిచింది కూడా ఇలాగే. అవే మాటల్ని ముందుకీ వెనక్కీ మార్చి మార్చి చెప్పే క్రమ, జట, ఘన పాఠాలు అందుకు తోడ్పడ్డాయి. అదనంగా మోసే బరువే ఆపదలో పనికొస్తుంది.

*

కంప్యూటర్ సెంటర్ల నుంచి ఇళ్లలోకి ఈ పద్ధతి రావడానికి రెండు కారణాలు. డిస్కులు చవకయ్యాయి, లినక్స్ వచ్చింది. ప్రత్యేకమైన కార్డు ఏదీ లేకుండా, మామూలు పీసీలో సాఫ్ట్‌వేర్‌తోనే రెయిడ్ చేసుకోవడం లినక్స్‌లో కుదిరింది. చాలా ఏళ్లపాటు ఆ భాగాన్ని చూసుకున్నది, ఎమ్‌డీఏడీఎమ్ అనే పనిముట్టు రాసింది ఆస్ట్రేలియాలో ఉండే నీల్ బ్రౌన్. ఇవాళ షాపుల్లో దొరికే చిన్న నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల ఉన్నది ఇదే. బ్రౌన్ అన్న పేరుకీ ప్రతులు కాపాడే పనికీ ఏదో సంబంధం ఉన్నట్టుంది. ఇంకో బ్రౌన్ దగ్గరికి కాసేపట్లో వస్తాను.

నేను మొదటి ఎక్స్‌టర్నల్ డిస్కు కొన్నది 2011 చివర్లో, సికింద్రాబాద్ సీటీసీలో. నెల కింద అడిగిన రేటుకీ ఆ రోజు చెప్పిన రేటుకీ పొంతనే లేదు. దాదాపు రెట్టింపు. షాపతన్ని దొంగ అనుకున్నాను. పాపం, దొంగ కాదు. ఆ ఏడాది థాయ్‌లాండ్‌లో వచ్చిన వరదల్లో హార్డ్ డిస్కులు, వాటి భాగాలు చేసే ఫ్యాక్టరీలు నీళ్లలో మునిగాయి. ప్రపంచానికి కావలసిన డిస్కుల్లో చాలా పెద్ద వాటా ఆ ఒక్క దేశం నుంచే వచ్చేది. సమాచారాన్ని ఒకేచోట పెట్టొద్దని చెప్పే డిస్కుల్ని తయారుచెయ్యడం మాత్రం ఒకేచోట పెట్టుకున్నారు. చవకైన చోటే కాబట్టి.

ఆ డిస్కు 2018లో టిక్కు టిక్కుమని శబ్దం చేసి ఆగిపోయింది. దాన్లో ఉన్న ఫోటోల్లో సగం పోయాయి. అమ్మమ్మ పాటలు అదృష్టవశాత్తూ లాప్‌టాప్‌లో కూడా ఉన్నాయి. ఇంక ఇట్లా లాభం లేదని నల్ల పెట్టె కొన్నాను. రెయిడ్ ఒకటి. అద్దం. రెండు పచ్చ లైట్లు. ఆ రాత్రి ఎంత హాయిగా పడుకున్నానో.

*

అద్దంతో ఒక చిక్కుంది. రెండు ప్రతులూ వేరువేరుగా ఉంటే ఏది నిజమో అద్దానికి తెలీదు. డిస్కు మొత్తం చస్తే గుర్తుపట్టడం తేలిక. కానీ డిస్కు బతికే ఉండి, ఎక్కడో ఒక అక్షరం చడీచప్పుడూ లేకుండా మారిపోతే? ఒక డిస్కు ‘రామ’ అంటుంది, ఇంకోటి ‘రాచ’ అంటుంది. ఓటింగ్ పెడదామంటే ఉన్నది ఇద్దరే.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టి 2005లో బయటికి విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ దీనికి మంచి మార్గం చూపించింది. ప్రతి ముక్కకీ ఒక చెక్‌సమ్, అంటే ఆ ముక్కలో ఉన్నదంతా కలిపి తేల్చిన ఒక సంఖ్య, రాసిపెట్టుకుంటుంది. అది కూడా ఆ ముక్క పక్కనే కాదు, దానికి దారి చూపించే పై ముక్కలో. చదివినప్పుడల్లా లెక్క సరిపోయిందా అని చూస్తుంది. సరిపోకపోతే రెండో ప్రతి తీసి, అది సరిగ్గా ఉంటే మొదటిదాన్ని దిద్దుతుంది. ఎవరూ అడక్కపోయినా అప్పుడప్పుడూ మొత్తం డిస్కులన్నీ ఇలా చదివించి దిద్దించడాన్ని స్క్రబ్ అంటారు.

ఇప్పుడు రెండో బ్రౌన్. సి.పి. బ్రౌన్ 1820లో కడప వచ్చాడు. అక్కడ బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులకీ లేఖకులకీ డబ్బిచ్చి పని చేయించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూపించి, శుద్ధ ప్రతి రాయించేవాడు. రెండు ప్రతుల్లో మాట తేడా వస్తే ఏది సరైనదో ఎలా తేల్చాలి? ఛందస్సు ఉంది. గణం తప్పిన పాఠాన్ని పక్కన పెట్టొచ్చు. యతి చెడిన పాఠాన్ని అనుమానించొచ్చు. ఆ బంగళాలో జరిగింది ఒక పెద్ద స్క్రబ్. ఆయన సేకరించినవి చివరికి మద్రాసు ఓరియంటల్ లైబ్రరీకి చేరాయి.

అయితే బ్రౌన్‌కి వేమన దగ్గర ఇంకో రకం చిక్కు ఎదురైంది. వేమన పేరుతో వేలకి వేలు పద్యాలు. మకుటం సరిగ్గా ఉంటుంది. ఆటవెలది సరిగ్గా ఉంటుంది. రాసింది వేమనేనా అంటే మాత్రం ఛందస్సు చెప్పలేదు. ఎవడో తెలివైనవాడు గణాలు సరిచూసుకుని మరీ ఒక పద్యం చేర్చాడనుకోండి, ఆ ప్రక్షిప్తాన్ని యతిప్రాసలు అసలు పద్యమంత జాగ్రత్తగానూ కాపాడతాయి. చెక్‌సమ్ కూడా అంతే. రాసినది రాసినట్టు ఉందా అని చూస్తుంది. రాయాల్సిందే రాశారా అని చూడదు.

*

1998లో పిక్సర్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ తీస్తున్నారు. ఎవరో ఒక కమాండ్ కొట్టారు. దొరికిన ఫైల్‌నల్లా చెరిపెయ్యమని ఆ కమాండ్ అర్థం. కళ్ల ముందే పాత్రలు ఒక్కొక్కటీ మాయమవుతుంటే చూసినవాళ్లు పరుగెత్తి మెషిన్ ప్లగ్గు పీకించారు. బ్యాకప్ తీద్దామంటే అది కొన్నాళ్లుగా సరిగ్గా పనిచెయ్యడం లేదని అప్పుడు తేలింది. సినిమాని బతికించింది గేలిన్ సుస్మన్ ఇంట్లో ఉన్న కంప్యూటర్. ఆమె ఆ సినిమాకి సాంకేతిక పర్యవేక్షకురాలు. అప్పుడే బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేసుకోడానికి ఒక ప్రతి తెచ్చుకుంది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి కారులో పెట్టుకుని స్టూడియోకి తీసుకెళ్లారు.

నేను ఈ కథని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి కనీసం పదిసార్లు చెప్పుంటాను. రెయిడ్ అంటే బ్యాకప్ కాదు బాబూ అని వేలు చూపించి మరీ చెప్పాను.

ఇక ఆ ఆదివారం. లాప్‌టాప్ నిండిపోయింది. ఖాళీ చేద్దామని కూర్చున్నాను. ‘రికార్డింగ్స్’ అనే ఫోల్డర్ కనబడింది. పెట్టెలో ఎలాగూ ఉంది కదా, ఇక్కడెందుకు అని డిలీట్ కొట్టాను. ఆ పెట్టెకీ లాప్‌టాప్‌కీ మధ్య నేనే పెట్టిన సింక్ రెండు వైపులా నడిచేది. ఇక్కడ చేరిస్తే అక్కడ చేరుతుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. పెట్టె నా మాట విని మొదటి డిస్కులోంచి చెరిపింది, రెండో డిస్కులోంచీ చెరిపింది. చాలా నమ్మకంగా, ఒక్క బిట్ తేడా లేకుండా. రీసైకిల్ బిన్ ముప్ఫై రోజులకి ఖాళీ అయ్యేట్టు పెట్టిందీ నేనే. నాకు సంగతి తెలిసింది నాలుగు నెలల తర్వాత, అమ్మమ్మ ఆబ్దికం రోజు. భోజనాలయ్యాక అమ్మ “ఏరా, ఆ ఊర్మిళ పాట ఒకసారి పెట్టరా” అంది.

నేను పెట్టెలో వెతికాను. లాప్‌టాప్‌లో వెతికాను. మళ్లీ పెట్టెలో వెతికాను. అమ్మ కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. “నెట్ స్లోగా ఉందమ్మా” అన్నాను.

*

అప్పుడర్థమైంది, రెయిడ్‌ని నేను ఎక్కడ తప్పు చదువుకున్నానో. అది డిస్కు చచ్చినా పని ఆగకుండా చూసే ఏర్పాటు. బ్యాంకు కౌంటర్ మూతపడకూడదు, అంతే. నిన్నటి సంగతి దానికి అక్కర్లేదు. దానికి తెలిసిన కాలం ఒక్కటే, ఇప్పుడు. బ్యాకప్ అన్నది మాత్రం నిన్న ఎలా ఉండేదో చెప్పగలగాలి. అందుకు దానికి కొంచెం బద్ధకం, కొంచెం దూరం ఉండాలి. నేను చేసిన పొరపాటు అది ఇంకా వినకుండా ఉండాలి. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చెప్పేది ఇదే. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో.

వేరే ఊళ్లో ప్రతి లేకపోతే ఏమవుతుందో మన సాహిత్యానికి బాగా తెలుసు. శ్రీనాథుడు తాను మరుత్తరాట్చరిత్ర రాశానని, శాలివాహన సప్తశతి రాశానని తనే చెప్పుకున్నాడు. కవిసార్వభౌముడి పుస్తకాలు. ఇవాళ మనకి దొరకవు. ఆయన పేరుకి కొరత లేదు, ఆస్థానాలకి కొరత లేదు. చాలినన్ని ప్రతులు, చాలినన్ని ఊళ్లలో మాత్రం నిలవలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన కాలంలోనే ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు, తెలుగువి కూడా వేలల్లో. పేజీలు వంకర, పేర్లు ఇంగ్లిష్ లిపిలో గుర్తుపట్టలేని స్పెల్లింగుల్లో. తిట్టుకుంటూనే వాడుకున్నాం. తర్వాత ఆ సైట్ అందకుండా పోయింది. కానీ ఈలోగా ఆ పుస్తకాల్లో చాలావాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. ఇవాళ మనం పాత తెలుగు నవల కోసం వెతికితే దొరికే లింకులో ‘డీఎల్ఐ’ అన్న మూడక్షరాలు కనిపిస్తే, అది ఆ చనిపోయిన సైట్ తాలూకు రెండో ప్రతి. ఇంకొకరు ఇంకో చోట దాచారు కాబట్టి చదువుకుంటున్నాం. ఆ ఇంకో చోటు కూడా ఒక్కటే అన్న భయం నాకు ఈమధ్య ఉంటోంది.

*

అమ్మమ్మ పాటలు మొత్తం పదకొండు. 2014 సంక్రాంతికి తెనాలి దగ్గర వాళ్ల ఊళ్లో, వంటింటి గడప మీద కూర్చుని పాడితే ఫోన్లో రికార్డు చేశాను. 2017లో ఆవిడ పోయింది. వెతగ్గా వెతగ్గా రెండు పాటలు పిన్ని పాత ఫోన్లో దొరికాయి. ఎప్పుడో నేనే వాట్సాప్‌లో పంపానట. ఒకటి మంగళహారతి. రెండోది ఊర్మిళాదేవి నిద్ర, మొదటి ఏడు నిమిషాలే. అక్కడికి కట్ అయిపోయింది.

మిగతాది అమ్మకి వచ్చు. పిన్నికీ వచ్చు. ఇద్దర్నీ కూర్చోబెట్టి పాడించాను. మూడు చోట్ల తేడా వచ్చింది. ఒక చోట పిన్ని మాటతో పాడితే తాళం ఒక దెబ్బ మిగిలిపోతోంది. “చూశావా, నాదే కరెక్టు” అంది అమ్మ. రెండో చోట అమ్మే ఒప్పుకుంది. మూడో చోట రెండు మాటలూ పాటలో చక్కగా ఇమిడాయి. ఏది అమ్మమ్మదో తేల్చే దారి లేదు. ఇద్దరివీ ఉంచాను.

ఇప్పుడు ఏర్పాటు మారింది. పెట్టె అక్కడే ఉంది. సింక్ ఒక వైపే నడుస్తుంది. పెట్టె రోజూ స్నాప్‌షాట్ తీసుకుంటుంది, అంటే నేను ఇవాళ ఏం చెరిపినా నిన్నటి రూపం దొరుకుతుంది. యూపీఎస్ పెట్టాను. ఒక డిస్కు తెనాలిలో మావయ్య వాళ్ల బీరువాలో, పట్టుచీరల కింద. సంక్రాంతికీ దసరాకీ వెళ్లినప్పుడు అది తెచ్చి ఇంకోటి పెట్టి వస్తాను. ఇంకో ప్రతి తాళం వేసి క్లౌడ్‌లో. మూణ్నెల్లకోసారి ఏదో ఒక ఫైల్ తెనాలి డిస్కు నుంచో క్లౌడ్ నుంచో వెనక్కి తెచ్చి మొదట్నుంచి చివరిదాకా విని చూస్తాను. బ్యాకప్ ఉంది అనుకోవడానికీ, ఉందని చూసుకోవడానికీ మధ్య ఎంత దూరమో నాకు తెలిసింది కదా. ఎక్కువసార్లు ఊర్మిళ పాటే తెస్తాను.

మొన్న సంక్రాంతికి డిస్కు మార్చడానికి బీరువా తెరుస్తుంటే అమ్మ చూసింది. ఇవన్నీ ఏమిట్రా అని అడిగితే ఓపిగ్గా అంతా చెప్పాను, మూడు ప్రతులు, రెండు ఊళ్లు, ఒక క్లౌడు. అంతా విని, “ఇన్ని చోట్ల దాచే బదులు ఆ పాట నువ్వే నేర్చుకోరాదూ” అంది.

ఇప్పటికి రెండు చరణాలు వచ్చాయి.